అమెరికాలో బడి ఖర్చు ఊరి ఇళ్ల మీద ఎందుకు పడింది?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రస్తుతం డల్లాస్ శివార్లు

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. కొన్ని నెలలుగా మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. నిన్న భోజనాల బల్ల మీద వాళ్ల ఇంటిపన్ను బిల్లు కనిపిస్తే చదివాను. కౌంటీకి ఒక పద్దు, నగరానికి ఒక పద్దు, కమ్యూనిటీ కాలేజీకి ఒక పద్దు ఉన్నాయి. ఆ మూడూ కలిపినా స్కూల్ డిస్ట్రిక్టు (ఒక ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థ) పద్దు అంత కాలేదు. మా అల్లుడిని అడిగితే, ఈ స్కూళ్ల కోసమే ఇక్కడ ఇల్లు కొన్నామని, రోడ్డు అవతల వేరే డిస్ట్రిక్టు కనుక అక్కడ ఇళ్ల ధరలు తక్కువని చెప్పాడు. పక్కింటివారికి పిల్లలు లేరు, అయినా వారూ ఇదే పన్ను కడుతున్నారట.

మన దగ్గర బడి పేరులో జిల్లా పరిషత్తు ఉన్నా నా జీతం రాష్ట్ర ఖజానా నుండే వచ్చేది. ఇక్కడ బడి భారాన్ని ఊరి ఇళ్ల మీద ఎందుకు మోపారు? ఈ పద్ధతి ఎప్పటిది? పిల్లలు లేనివారు కూడా కట్టాలన్న నియమం ఎలా నిలబడింది? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1: చరిత్ర విద్యార్థి, బోస్టన్

మాస్టారూ, నమస్కారం. మీరు చూసిన ఆ పద్దు మూలాలు అమెరికా ఒక దేశంగా ఏర్పడక ముందు నుంచే ఉన్నాయి. 1647లో మసాచుసెట్స్ వలస ప్రాంతపు సభ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే గురువును పెట్టుకోవాలి. 100 కుటుంబాలుంటే పిల్లలను విశ్వవిద్యాలయానికి సిద్ధం చేసే గ్రామర్ స్కూలు నడపాలి. మనుషులను బైబిలుకు దూరంగా ఉంచడమే సైతాను ఎత్తుగడ అన్న ప్యూరిటన్ల (అక్కడ స్థిరపడిన ప్రొటెస్టెంట్ క్రైస్తవ వర్గం) నమ్మకంతో ఆ చట్టం మొదలవుతుంది. గురువు జీతం పిల్లల తల్లిదండ్రులు ఇవ్వవచ్చు, లేదా ఊరంతా కలిసి ఇవ్వవచ్చు. ఆ నిర్ణయాన్ని ఊరికే వదిలేశారు. చదువు ఊరి బాధ్యత అన్న ఆలోచన అలా వేళ్లూనుకుంది.

తరువాత 1787లో రాసుకున్న రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకు, ప్రజలకు చెందుతాయని 1791లో వచ్చిన 10వ సవరణ చెప్పింది. రాష్ట్రాలు తమ రాజ్యాంగాలలో బడుల బాధ్యతను స్వీకరించి, నడిపే పనిని, పన్ను వేసే అధికారాన్ని స్థానిక డిస్ట్రిక్టులకు ఇచ్చాయి. అయితే కేంద్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1785 భూమి చట్టం కింద పశ్చిమాన కొత్త భూములను కొలిచినప్పుడు టౌన్‌షిప్ అనే ఒక్కొక్క చదరపు భూఖండాన్ని 640 ఎకరాల చొప్పున 36 భాగాలు చేసి, అందులో 16వ భాగాన్ని బడి కోసం విడిచిపెట్టారు. మన ఊళ్లలో దేవుడి మాన్యం ఉన్నట్టు అక్కడ బడి మాన్యం ఉందన్నమాట. టెక్సస్ స్వతంత్ర దేశంగా ఉండి వచ్చి చేరింది కనుక తన భూములను తానే అట్టిపెట్టుకుంది. అందుచేత ఈ పద్ధతి అక్కడ వర్తించలేదు. ఆ రాష్ట్రం 1854లో 20 లక్షల డాలర్లతో శాశ్వత పాఠశాల నిధిని నెలకొల్పి, 1876 రాజ్యాంగంలో మిగిలిన ప్రభుత్వ భూములలో సగం దానికి కేటాయించింది.

పిల్లలు లేనివారి సంగతికి వస్తే, అది అంత తేలికగా తేలలేదు. చాలా చోట్ల బడికి పిల్లలను పంపేవారి నుండి, పంపిన రోజులు లెక్కగట్టి రుసుము వసూలు చేసేవారు. కట్టలేని తండ్రి పిల్లలను మానిపించేవాడు, లేదా పేదవాడినని ఒప్పుకొని మినహాయింపు అడుక్కునేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలో ఈ రుసుము 1867 దాకా సాగింది. దీనికి ఎదురు నిలిచినవారిలో నేను అందరికన్నా మిన్నగా భావించే వ్యక్తి హోరెస్ మాన్. ఆయన న్యాయవాది. 1837లో మసాచుసెట్స్ విద్యా మండలికి తొలి కార్యదర్శి అయ్యారు. ఊరూరా తిరిగి బడులు చూసి, 12 వార్షిక నివేదికలు రాశారు. 1839లో లెక్సింగ్‌టన్‌లో రాష్ట్ర ప్రభుత్వమే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను తెరవడం ఆయన హయాంలోనే జరిగింది. మీ ప్రశ్నకు సూటి జవాబు ఆయన పదవ నివేదికలో ఉంది. ఒక తరం చేతిలో ఉన్న ఆస్తి ఆ తరం ఒక్కదానిదే కాదని, వెనకటివారు ఇచ్చిపోయినదాన్ని రాబోయేవారి కోసం కాపాడే ధర్మకర్తలమే మనమని, కనుక పిల్లల చదువు ఆ ఆస్తి మీద ముందుగా తీర్చవలసిన బాకీ అని ఆయన వాదించారు. పక్కింటివారికి పిల్లలున్నారా లేరా అన్న ప్రశ్న ఈ వాదంలో తలెత్తనే తలెత్తదు.

ప్రాథమిక విద్యకు ఈ వాదం చెల్లింది కానీ హైస్కూలు దగ్గర మళ్లీ తగవు వచ్చింది. మిషిగన్‌లోని కలమజూలో కొందరు పన్ను చెల్లింపుదారులు హైస్కూలుకు మా డబ్బెందుకని దావా వేస్తే, 1874లో రాష్ట్ర సుప్రీంకోర్టు డిస్ట్రిక్టు పక్షాన తీర్పు చెప్పింది. బడికి పోవడం తప్పనిసరి అన్న చట్టం 1852లో మసాచుసెట్స్‌లో మొదలై, 1918లో మిసిసిపీతో అన్ని రాష్ట్రాలకూ చేరింది.

సమాధానం 2: వర్జీనియా నివాసి

నమస్కారం మాస్టారూ. పైన రాసినవారి మాటలతో నాకు పేచీ లేదు. కానీ ఊరంతా కలిసి బడి నడిపిందన్నప్పుడు ఆ ఊళ్లో ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నది కూడా చెప్పుకోవాలి. దక్షిణ కరోలినాలో బానిసకు రాయడం నేర్పినవారికి 1740 చట్టం 100 పౌండ్ల జరిమానా విధించింది. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాలు రాసుకున్నప్పుడు ఉచిత పాఠశాలల వ్యవస్థ వాటిలోకి రావడానికి ఆ సభలలో కూర్చున్న నల్లజాతి ప్రతినిధుల కృషి పెద్ద కారణం. దానివల్ల పేద తెల్లవారి పిల్లలకు కూడా బడి దొరికింది. ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ.

ఆ తరువాత నల్లవారికి, తెల్లవారికి వేరు బడుల కాలం వచ్చింది. నల్లవారు కట్టిన పన్ను తెల్లపిల్లల బడులకు పోతుంటే, వారు తమ పిల్లల కోసం మరొకసారి చందాలు వేసుకున్నారు. 1912 నుండి 1932 వరకు దక్షిణాదిన దాదాపు 5,000 రోజెన్‌వాల్డ్ పాఠశాలలు వెలిశాయి. వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కొంత ఇస్తే, మిగతాది ప్రభుత్వ నిధులతోపాటు ఊళ్లోని నల్లవారు డబ్బుగా, కలపగా, తమ రెక్కల కష్టంగా సమకూర్చారు.

మా రాష్ట్రంలోని ఫార్మ్‌విల్‌కు నేను ప్రత్యేకంగా వెళ్లి చూసి వచ్చాను. నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూలు ఇప్పుడు మ్యూజియంగా ఉంది. పిల్లలు పట్టనంతగా పెరిగితే, కొత్త భవనం కట్టకుండా తారు కాగితం కప్పిన చెక్క పాకలు వేశారు. చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చున్నవారికి ఉక్క, దూరంగా కూర్చున్నవారికి వణుకు. కోట్లు విప్పకుండానే పాఠాలు వినేవారు. 1951 ఏప్రిల్ 23న 16 ఏళ్ల బార్బరా జాన్స్ నాయకత్వంలో 450 మందికి పైగా విద్యార్థులు తరగతులు బహిష్కరించి బయటికి వచ్చారు. ఆ పిల్లల దావా కూడా కలిసిన బ్రౌన్ కేసులోనే 1954 మే 17న వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అప్పుడు ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఏం చేసిందో చూడండి. 1959లో బడులకు పన్ను వసూలు చేయడమే మానేసి, ప్రభుత్వ పాఠశాలలన్నీ మూసివేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. ఎందరో నల్లపిల్లలు అయిదేళ్లు అక్షరానికి దూరమయ్యారు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకుంటే తప్ప తలుపులు తెరుచుకోలేదు. బడి నడిపే అధికారం ఊరి చేతిలో ఉంటే, దానికి తాళం వేసే అధికారం కూడా ఊరి చేతిలోనే ఉంటుంది. ఆ గదుల్లో నిలబడినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫార్మ్‌విల్ విషయం చదివి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇంకొక్క సందేహం. రోడ్డుకు ఇటు ఒక బడి, అటు ఒక బడి ఉండి, ఇళ్ల విలువను బట్టి వాటి రాబడి మారుతుంటే, అది అన్యాయమని ఎవరూ కోర్టుకు వెళ్లలేదా?

సమాధానం 3: శాన్ ఆంటోనియో నివాసి

వెళ్లారు మాస్టారూ, అదీ మా ఊరి నుండే. ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్టులో పిల్లలను చదివించుకుంటున్న డెమెట్రియో రోడ్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులు 1968లో దావా వేశారు. కోర్టు ముందుకు వచ్చిన అంకెలు చూడండి. ఎడ్జ్‌వుడ్ ప్రతి 100 డాలర్ల ఆస్తి మీద 1.05 డాలర్ల పన్ను వేసినా, విద్యార్థి తలకు 26 డాలర్లే వచ్చాయి. అదే నగరంలోని సంపన్న డిస్ట్రిక్టు ఆలమో హైట్స్ 85 సెంట్లే వేసి, తలకు 333 డాలర్లు రాబట్టుకుంది. రాష్ట్ర, కేంద్ర నిధులన్నీ కలిపాక కూడా ఒకచోట తలకు 356 డాలర్లు, మరొకచోట 594. ఎక్కువ రేటు కట్టినవారికే తక్కువ చదువు దక్కిందన్నమాట. అయినా 1973లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో వారి వాదనను తోసిపుచ్చింది. దేశ రాజ్యాంగం విద్యను ప్రాథమిక హక్కుగా పేర్కొనలేదన్నది కారణాలలో ఒకటి. మొదటి సమాధానంలో చెప్పిన ఆ మౌనమే ఇక్కడ అడ్డుపడింది. నా దృష్టిలో ఆ తీర్పు పొరపాటు.

కేంద్రం 1965లో ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంతో పేద పిల్లలున్న బడులకు నిధులు ఇవ్వడం మొదలుపెట్టింది కానీ, అది మొత్తం ఖర్చులో చిన్న వాటా. ఎడ్జ్‌వుడ్ మాత్రం ఊరుకోకుండా ఈసారి రాష్ట్ర రాజ్యాంగాన్ని పట్టుకుంది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ డిస్ట్రిక్టు పక్షాన నిలిచింది. దాని ఫలితంగానే, ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల రాబడిలో కొంత భాగాన్ని ఇతర డిస్ట్రిక్టుల కోసం తీసుకొనే చట్టం 1993లో వచ్చింది. జనం దానిని రాబిన్ హుడ్ అంటారు. మీ అమ్మాయిగారి బిల్లులో అది విడిగా కనిపించదు. డిస్ట్రిక్టు వార్షిక బడ్జెట్టులో రీక్యాప్చర్ అన్న పద్దు ఉందేమో చూడండి. ఉంటే, మీరు చూసిన ఆ పెద్ద మొత్తంలో కొంత రోడ్డు దాటి అవతలి పిల్లలకు కూడా చేరుతున్నట్టే.