ఫోర్డ్ మోడల్ ఏ: ముందు హబ్బులో వేడి, వెనుక డిఫరెన్షియల్‌లో కూత

ప్రశ్న (గుంటూరు నుంచి)

మా తాతగారి 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారుకు ముందు చక్రాల బేరింగులు, వెనుక పినియన్ (ఇంజిను బలాన్ని వెనుక ఇరుసుకు అందించే చిన్న పళ్ల చక్రం) బేరింగులు కొత్తవి వేయించాము. బిగించినవారు ముందు చక్రాల నట్లను ఆట (వదులు కదలిక) లేకుండా గట్టిగా బిగించి, పినియన్‌ను మాత్రం చేతితో సులువుగా తిరిగేలా వదిలారు. మంగళగిరి దాకా నడిపి ఆపేసరికి ముందు హబ్బు మూత మీద చేయి ఆనించలేకపోయాను. గ్రీజు కరిగి డ్రమ్ము అంచున కారింది. వెనుక, ఆక్సిలరేటరు వదిలినప్పుడల్లా సన్నని కూత వస్తోంది. రెండూ టేపర్ రోలర్ (ఏటవాలు రోలర్ల) బేరింగులే కదా, బిగింపు వేరువేరుగా ఉండాలా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (విజయవాడ ఆటోనగర్ నుంచి)

అయ్యా, వేరుగానే ఉండాలి. మీ కారుకు జరిగింది సరిగ్గా తలకిందులు. 1898లో హెన్రీ టిమ్‌కెన్ పేటెంటు పొందిన ఈ బేరింగులో కోను (లోపలి వలయం), కప్పు (బయటి వలయం) ఎంత దగ్గరగా కూర్చోవాలన్నది బిగించే చేతి మీదే ఆధారపడుతుంది.

ముందు చక్రానికి కొద్దిపాటి ఆట కావాలి. చక్రాన్ని పైకి లేపి తిప్పుతూ, కాస్త బరువుగా తిరిగేదాకా నట్టు బిగిస్తే రోలర్లు సర్దుకుంటాయి; తరువాత కొద్దిగా వదులు చేసి, స్ప్లిట్ పిన్ను రంధ్రం కలిసే గాడి దగ్గర ఆపండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసీ తెలియనంత కదలిక, అంటే అంగుళంలో వెయ్యో వంతు నుంచి వెయ్యింట 5 వంతుల దాకా, చాలు. ఆ చోటు కూడా లేకపోతే వేడికి వ్యాకోచించిన లోహం రోలర్లను నొక్కుతుంది, గ్రీజు కరుగుతుంది. పాత పిన్ను మళ్లీ వాడకండి.

పినియన్ సంగతి వేరు. పినియన్ తనతో కలిసే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్‌ను తిప్పేటప్పుడు పళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి, బేరింగులో ఆట ఉంటే పినియన్ ముందుకూ వెనక్కూ జరిగి, పళ్లు ఒరుసుకునే చోటు మారిపోతుంది. మీరు వినే కూత అదే కావచ్చు. అందుకే అక్కడ ముందుగానే కొంత ఒత్తిడి పెట్టి బిగిస్తారు.

మరో సమాధానం (గుంటూరు నుంచి)

ఆ ఒత్తిడిని చేతి అంచనాకు వదలకండి. బేరింగులకు నూనె పట్టించి, క్రౌన్ కలవకముందే, తిరిగే భాగానికి తాడు చుట్టి స్ప్రింగ్ కాటాతో నిదానంగా లాగండి. కదలడం మొదలైనప్పటి అంకెను కాకుండా, సమంగా తిరుగుతున్నప్పటి అంకెను చూడాలి. ఉదాహరణకు తిప్పే బలం 23 కిలో-సెంటీమీటర్లు (కిలోల లాగుడును వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చేది) కావాలనుకుంటే, 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం మీద కాటా సుమారు 4.6 కిలోలు చూపాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే అది బిగింపును మారుస్తుంది.

డిఫరెన్షియల్ (క్రౌన్‌ను మోసే, వెనుక ఇరుసు నడుమ భాగం) పక్క బేరింగుల ఒత్తిడి మాత్రం హౌసింగుకు రెండు వైపులా ఉండే కాగితపు గాస్కెట్ల మొత్తం మందం మీద ఆధారపడుతుంది. తగ్గిస్తే బిగుసుకుంటుంది, మొత్తం మార్చకుండా ఒక వైపు నుంచి మరో వైపుకు మారిస్తే పళ్ల మధ్య సందు మారుతుంది.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలండి. ముందు నట్లను ఒక్కో గాడి వదులు చేసి మళ్లీ మంగళగిరి వెళ్లి వచ్చాను, హబ్బు గోరువెచ్చగా ఉంది. వెనుక ఇరుసు ఆదివారం దింపుతున్నాము, కాటా తెచ్చిపెట్టుకున్నాను.