చర్చ: పండుగల టైంలో హిందూ ముస్లింలు కలిసి కామెడీ నాటిక వేయొచ్చా?

దేవరకొండ కుర్రోడు:
అన్నలూ, ఒక సలహా కావాలి. మా వాడలో రెండు మతాల పిల్లలం కలిసి అరగంట నాటిక రాసుకున్నాం. కథేంటంటే, వినాయక నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజున తీసే మిలాద్ ఊరేగింపు ఒకే రోజు పడతాయి. ఊళ్లో మంచి మైక్‌సెట్ ఒక్కటే. రెండు కమిటీల దగ్గరా అడ్వాన్స్ తీసుకున్న షాపాయన ఎవరికీ దొరక్కుండా తిరుగుతుంటాడు. ఇదేం ఉత్త కల్పన కాదు. 2023లో రెండూ నిజంగానే సెప్టెంబర్ 28న పడ్డాయి, హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. మా నాటికలో దేవుడి మీద గానీ ప్రవక్త మీద గానీ ఒక్క ముక్క లేదు. అయినా పెద్దమనుషులు రెండు వైపులా వద్దంటున్నారు. మీరేమంటారు?

మిర్యాలగూడ మిల్లు:
వద్దు తమ్ముడూ. మీ వాడలో చూసేవాళ్లకు మీరెవరి పిల్లలో తెలుసు, నవ్వుతారు. ఎవడో ఫోన్లో ముప్పై సెకన్లు కత్తిరించి గ్రూపుల్లో పెడితే చూసేవాళ్లకు మీరెవరో తెలియదు. మతాన్ని కించపరిచారని కేసు పెట్టే పాత 295ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299, మూడేళ్ల దాకా జైలు. కావాలని కించపరిచినట్టు రుజువు కావాలంటారు, నిజమే. అది తేలేలోపు పిల్లోడి డిగ్రీ గంగలో కలుస్తుంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారుఖీని హిందూ దేవుళ్ల మీద జోకులేశాడని అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాకా నెల పైనే లోపల ఉన్నాడు. 2022 ఆగస్టులో అదే మనిషి హైదరాబాద్ శిల్పకళా వేదికలో షో చేస్తే ఎంత బందోబస్తు పెట్టారో గుర్తుందిగా. ఆయన కోసం లాయర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మీ కోసం ఎవరు వస్తారు?

పాలమూరు పాతకాపు:
మిల్లన్న మాట సగం ఒప్పుకుంటా. కానీ మతం దగ్గర నవ్వు అనేది ఏదో పట్నం కామెడీ షోతోనే వచ్చినట్టు మాట్లాడుతున్నారు. మా వైపు మొహర్రంలో చేసే పీర్ల పండుగ చూడండి. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలోనూ పీర్లు, అంటే ఇమాముల పేరున నిలిపే పంజాలు, లేస్తాయి. ఎత్తుకునేది బీసీలు, దళితులు. పీర్లకు గుడ్డ దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, మలీద పంచుతారు, హసన్ హుస్సేన్‌లను ఆసన్న ఊసన్న అని పిలుచుకుంటారు. రాత్రి అలావ్ నిప్పుల గుండం చుట్టూ "అసోయ్ దూలా" అంటూ తిరిగేటప్పుడు వచ్చే పాటల్లో బావామరదళ్ల ఎకసెక్కాలు, ఊరి పటేలు మీద చురకలు, అన్నీ ఉంటాయి. మొక్కున్నవాడు పులివేషం కట్టి ఇల్లిల్లూ తిరుగుతాడు. పిల్లలు భయపడి ఏడుస్తారు, పెద్దలు నవ్వుతారు.

నల్లగొండ వైపూ అంతే. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు వెళ్లినవాళ్లలో ఎవరు ఏ మతమో చెప్పడం కష్టం. అక్కడ మొక్కుకుని పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేర్లు పెట్టుకునే హిందూ ఇళ్లు ఎన్ని! వీళ్లకెవరూ మతసామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. (సామరస్య సభలకు నేనూ వెళ్లాను. సమోసా బాగుంటుంది.) కుర్రాళ్లు చేసేది కొత్త పని కాదు, వేయనివ్వండి.

లతీఫ్ గుట్ట కింద:
పాతకాపన్నా, మీ పోస్టు చదవడానికి బాగుంది. రెండు మాటలు చెప్తా, కోపం తెచ్చుకోవద్దు.

మొహర్రం మాకు పండుగ కాదు. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్‌ను, ఆయన వాళ్లను చంపిన రోజులవి. ఊళ్లలో భక్తితో చేస్తారని నాకు తెలుసు, కాదనను. కానీ పులివేషం, ఎకసెక్కాల పాటలు చూసి మా ఇళ్లలో చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు, పైకి అనరు. వాళ్లు అనకపోవడాన్ని మీరు సామరస్యం లెక్కలో రాసుకున్నారు.

రెండోది. తెలుగు కామెడీలో సాయిబు వస్తే ఏం మాట్లాడతాడు? "నీకీ, మాకీ" అంటూ వచ్చీరాని తెలుగు. నేను నల్లగొండలో పుట్టి పెరిగాను, తెలుగు మీడియంలో చదివాను. ఆ జోకుకు చిన్నప్పటి నుంచీ పక్కవాళ్లతో కలిసి నవ్వుతూనే ఉన్నా, నవ్వకపోతే "ఫీలయ్యాడు" అంటారని. మీ నాటికలో మిలాద్ కమిటీ వాళ్లు ఏ తెలుగు మాట్లాడతారు తమ్ముడూ?

దేవరకొండ కుర్రోడు:
భాయ్, మా వాడు ఆ పాత్రను మొదట అలాగే చేశాడు. చేసింది ముస్లిం పిల్లోడే, జనం నవ్వుతారని. ఇప్పుడు తీసేస్తాం.

కోస్గి టీచర్:
తీసేయకండి, ఆ యాసను వినాయక కమిటీ ప్రెసిడెంటుకు పెట్టండి. మిలాద్ కమిటీ ఆయన చేత గ్రాంథికం మాట్లాడించండి. చూడండి ఏమవుతుందో.

బడిలో పిల్లలతో నాటికలు వేయించిన అనుభవంతో చెప్తున్నా. ఆట చూసిన అరగంటలో ఎవరూ మారరు. మారితే రిహార్సల్లో మారతారు. అక్కడ ఒకడు "ఇది మా అమ్మ ముందు అనలేను" అంటాడు. ఎందుకనలేవు అని రెండోవాడు అడుగుతాడు. నాకు ఆ పది నిమిషాలు ముఖ్యం. బుర్రకథలో పక్కన హాస్యం చెప్పే వంత ఒకడు ఉంటాడు. పల్నాటి వీరుల కథను ఊరూరా చెప్పి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ముస్లిమే. ఇటు హైదరాబాద్‌లో 1962లో పుట్టిన జిందా దిలాన్ అనే హాస్య సంస్థలో నరేంద్ర లూథర్ అనే ఐఏఎస్ అధికారి ఉర్దూలో హాస్యం రాసి పేరు తెచ్చుకున్నాడు. పక్కవాడి భాష, పక్కవాడి కథ అంత బాగా వచ్చినవాళ్లకే ఆ చనువు ఉంటుంది. చనువు లేకుండా వేసే జోకు ఎవరిదైనా సరే, నాకు పడదు.

మిర్యాలగూడ మిల్లు:
టీచరమ్మా, రిహార్సల్ ముఖ్యమైతే రిహార్సలే చేసుకోమనండి, రోడ్డు మీద స్టేజీ ఎందుకు? అందులోనూ నిమజ్జనం వారంలో.

కోస్గి టీచర్:
వారం మార్చుకోమనండి, ఒప్పుకుంటా. సంక్రాంతి సెలవుల్లో వేయండి. ఫోన్లు లోపలికి రానివ్వని హాల్లో వేస్తే ఇంకా మంచిది.

లతీఫ్ గుట్ట కింద:
నాకు మైక్‌సెట్ కథ నచ్చింది గానీ, అది అందరికీ సుఖమైన కథ. కమిటీలు కొట్టుకుంటాయి, చివరికి కలిసి చాయ్ తాగుతాయి, చప్పట్లు. పీరు ఎత్తుకున్నాయనే నాకు ఇల్లు అద్దెకివ్వనన్న సంగతి ఎవరు రాస్తారు? "మాకేం లేదు బాబూ, పక్కింటివాళ్లు ఏమంటారోనని..." ఇంతకంటే కామెడీ ఏముంటుంది?

పాలమూరు పాతకాపు:
ఇది రాయండి. నిజంగా.

మిర్యాలగూడ మిల్లు:
ఇదైతే కేసు కూడా కాదు. మా ఇంటి ఓనరు మాత్రం ఫీలవుతాడు.

దేవరకొండ కుర్రోడు:
భాయ్, మీ మాట చదివి వినిపిస్తే పిల్లలందరూ ఒప్పుకున్నారు. సీను రాసేశాం. జనవరికి మార్చుకున్నాం కూడా. ఒక్కటే టెన్షన్, ఓనరు వేషం వేయడానికి మా వాళ్లలో ఒక్కడూ ముందుకు రావడం లేదు. ఇంట్లో తిడతారట.

లతీఫ్ గుట్ట కింద:
నాకివ్వండి. డైలాగులన్నీ నోటికొచ్చు.