యుద్ధనౌకకు అమరుడైన జవాను పేరా, ఊరి పేరా? మీరేమంటారు?

గాజువాక కుర్రాడు:
ఆదివారం భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది, ఇంకా తెగలేదు. మా చిన్నాన్న నేవీలో చేసి రిటైరయ్యారు. అమెరికా వాళ్ల డిస్ట్రాయర్ (ఒక రకం పెద్ద యుద్ధనౌక) 'జేసన్ డన్హమ్' గురించి చదివి ఆయనకు చెప్పాను. ఆ పేరు అమెరికా మెరీన్ దళంలో (నేవీతో కలిసి పనిచేసే సైన్యం) ఒక జవానుది. 2004 ఏప్రిల్‌లో ఇరాక్‌లో, సిరియా సరిహద్దు పక్కన హుసైబా దగ్గర వాహనాలు తనిఖీ చేస్తుంటే ఒకడు డన్హమ్ మీద కలబడ్డాడు. వాడి చేతిలోంచి గ్రెనేడ్ జారింది. డన్హమ్ తన హెల్మెట్ తీసి దాని మీద బోర్లించి, పైన తను పడిపోయాడు. పక్కనున్న మెరీన్లు బతికారు. ఎనిమిది రోజులకు అతను పోయాడు. వయసు 22. ర్యాంకు కార్పొరల్, అంటే మన ఆర్మీలో నాయక్ అనుకోండి. 2009లో నౌకకు నామకరణం చేస్తూ, వాళ్ల ఆచారం ప్రకారం ఓడకు కొట్టి సీసా పగలగొట్టింది అతని తల్లే. 2010లో 155 మీటర్ల పొడవున్న డిస్ట్రాయర్ ఆ పేరుతో సర్వీసులోకి వచ్చింది.

మనం కట్టుకున్న డిస్ట్రాయర్లు చూడండి: ఢిల్లీ, మైసూర్, ముంబై, కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నం, ఇంఫాల్, సూరత్. అన్నీ ఊళ్లే. ఒక్క జవాను పేరైనా ఎందుకు లేదు అన్నాను. "ఊరి పేరే కరెక్టు" అని చిన్నాన్న చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

సీతమ్మధార రిటైర్డ్:
మీ చిన్నాన్నగారితో నేను ఏకీభవిస్తాను బాబూ. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూకి దూరంగా సముద్రంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దానితోపాటే వెళ్లిపోయారు, మహావీర్ చక్ర ఇచ్చారు. ఇప్పుడు మీ లెక్కన నౌకకు 'ముల్లా' అని పెట్టాలి. మరి బాయిలర్ రూంలో ఉన్నవాడి సంగతి? వాడి తల్లికి ఏం చెప్తారు?

నేవీ ఏం చేసిందంటే, ఓడ పేరునే మళ్లీ నిలబెట్టింది. 1989లో కొత్త ఖుక్రీ వచ్చింది. అందులో 194 మందీ ఉన్నారు. ఆ ఓడ 32 ఏళ్లు తిరిగి 2021 డిసెంబర్ 23న మన వైజాగ్‌లోనే రిటైరయింది. పొద్దు గూకేవేళ జెండా దించుతుంటే పక్కవాడి మొహం చూడబుద్ధి కాదు, అది అనుభవించినవాడికే తెలుస్తుంది. తర్వాత దాన్ని డయ్యూకే పంపి మ్యూజియం చేశారు.

పేటోడు:
పెద్దాయనా, మీరు చెప్పింది బాగుంది గానీ, మాది సూర్యాపేట. కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయిన తర్వాత మా ఊళ్లో ప్రతి పిల్లాడికీ ఆయన పేరు తెలుసు. విగ్రహం ఉంది. కానీ విగ్రహం కదలదు కదా. ఆ పేరుతో ఓడ ఇంకో దేశం రేవులో లంగరేస్తే, అక్కడివాళ్లు 'ఎవరీయన' అని అడుగుతారు. ఆ లాభం విగ్రహానికి లేదు.

ఇంకోటి, మనోళ్లు అసలు పెట్టలేదనడం కూడా తప్పు. షిప్పింగ్ కార్పొరేషన్ 1980లలో 15 చమురు ట్యాంకర్లకు పరమవీర చక్ర వీరుల పేర్లు పెట్టింది. మేజర్ సోమనాథ్ శర్మ, లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా... 2023లో అండమాన్‌లో 21 దీవులకు కూడా పరమవీర చక్రల పేర్లే. చమురు మోసే ఓడకు పనికొచ్చిన పేరు, తుపాకి మోసే ఓడకు పనికిరాదా?

అడ్డదిడ్డం:
నేను వేరే కోణం చెప్తా, తిట్టుకోకండి. విలియం ఫిట్జ్‌గెరాల్డ్ అనే అమెరికా నేవీ లెఫ్టినెంట్ 1967 ఆగస్టులో వియత్నాంలో, తన బేస్ మీద దాడి జరుగుతుంటే మిగతావాళ్లను తప్పించి తను చనిపోయాడు. నేవీ క్రాస్ పతకం ఇచ్చారు, ఒక డిస్ట్రాయర్‌కు ఆయన పేరు పెట్టారు. 2017 జూన్ 17 తెల్లవారుజామున జపాన్ తీరంలో ఆ డిస్ట్రాయర్ ఒక కంటైనర్ నౌకను ఢీకొంది. ఏడుగురు సెయిలర్లు చనిపోయారు, చాలామంది నిద్రలో ఉండగానే నీళ్లు వచ్చేశాయి. ఇప్పుడు నెట్‌లో ఫిట్జ్‌గెరాల్డ్ అని కొట్టి చూడండి. మనిషి రాడు, యాక్సిడెంట్ వస్తుంది. ఇన్క్వైరీ, కోర్టు, ఓడ పగిలిన పక్కభాగం ఫోటో. వీరుడి పేరు తీసుకెళ్లి ఎవరో చేసిన పొరపాటుకు తగిలించినట్టయింది. ఊరి పేరైతే ఈ బాధ ఉండదు. విశాఖపట్నం అనే ఓడకు ఏదైనా అయితే విశాఖపట్నం ఊరికి మచ్చ రాదు.

పైగా మనిషి పేరంటే ప్రభుత్వం మారినప్పుడల్లా భయమే. 2025లో అమెరికాలో, గే హక్కుల నాయకుడు హార్వే మిల్క్ పేరున్న నౌకకు ఆ పేరు తీసేసి, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన ఆస్కార్ పీటర్సన్ పేరు పెట్టారు. పీటర్సన్ అర్హుడే, కాదనను. కానీ ఆయన పేరు వచ్చిన దారి చూడండి. ఒకరి పేరు చెరిపిన చోట కూర్చోబెట్టారు.

సీతమ్మధార రిటైర్డ్:
ఊరి పేరుకూ ఆ బాధ ఉంటుందయ్యా. ఇంగ్లీషు స్పెల్లింగులో ఊరు 2014లో Mysuru అయింది, ఓడ ఇంకా Mysore అనే అంటోంది. సరే, అది వేళాకోళం. మిగతాది ఒప్పుకుంటా.

నార్‌ఫోక్ తెలుగోడు:
అడ్డదిడ్డం బ్రదర్, మీరు ఫిట్జ్‌గెరాల్డ్ చెప్పారు, నేను కోల్ అనే డిస్ట్రాయర్ గురించి చెప్తా. నేను వర్జీనియాలో ఉంటా. ఇక్కడ నేవీ బేస్ పక్కనుంచి టూరిస్టు పడవలు వెళ్తాయి. నౌకల ముక్కు మీద పెద్ద నంబరు ఒక్కటే ఉంటుంది, పేరు వెనక ఉంటుంది. కోల్ నంబరు 67 కనిపించగానే పడవలో గోల తగ్గిపోయింది. 2000 అక్టోబర్ 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటుంటే అల్‌ఖైదా పడవ బాంబుతో పేల్చింది ఈ ఓడనే. 17 మంది పోయారు. ఓడ మునగకుండా సిబ్బంది రోజుల తరబడి నీళ్లు తోడారు. తర్వాత ఇంకో పెద్ద ఓడ మీద ఎక్కించి ఇంటికి తెచ్చి బాగుచేశారు. ఆ 17 మందికి గుర్తుగా లోపల నడవలో నేల మీదే నక్షత్రాలు వేశారట.

ఇంతకీ డారెల్ కోల్ ఎవరు? మెరీన్ దళంలో బాకా ఊదడానికి తీసుకున్న మనిషి. నాకు మెషిన్ గన్ ఇవ్వండి అని మళ్లీ మళ్లీ అడిగి తీసుకుని, 1945 ఫిబ్రవరి 19న జపాన్ దీవి ఇవోజిమా మీద జరిగిన యుద్ధంలో పోయాడు. ఏడెన్ దాడి జరగకపోతే నాకు ఈయన తెలిసేవాడా? కాబట్టి యాక్సిడెంట్ మనిషిని మింగేస్తుందన్నది ప్రతిసారీ నిజం కాదు.

ఒక చిన్న సంగతి. వీళ్ల ఓడలోకి కెప్టెన్ అడుగుపెడితే గంట కొట్టి మైకులో 'కోల్, అరైవింగ్' అంటారు. కెప్టెన్ పేరు చెప్పరు, ఓడ పేరే చెప్తారు. ఆ బాకా మనిషి 80 ఏళ్లుగా లేడు, రోజూ ఓడెక్కుతూనే ఉన్నాడు.

అడ్డదిడ్డం:
ఇది నాకు తెలీదు. బాగుంది. అయినా ఫిట్జ్‌గెరాల్డ్ విషయంలో నా మాట నాదే.

గాజువాక కుర్రాడు:
ఈ థ్రెడ్ మొత్తం చిన్నాన్నకు చదివి వినిపించాను. మైకులో పేరు పిలవడం దగ్గర 'ఊఁ' అన్నారు, అంతే. తర్వాత ఒక్కటే అడిగారు. "డన్హమ్ ఓడ ముసలిదై జెండా దించే రోజు వస్తుంది. ఖుక్రీకి వచ్చినట్టే. ఆ రోజు ఆ తల్లి బతికుంటే రెండోసారి కొడుకును పంపించినట్టు కాదా?"

నార్‌ఫోక్ తెలుగోడు:
పేరు అక్కడితో ఆగదని చెప్పండి. 1942లో జూనో అనే అమెరికా యుద్ధనౌక మునిగినప్పుడు సలివన్ అన్నదమ్ములు ఐదుగురూ పోయారు. మరుసటి ఏడే 'ది సలివన్స్' అని డిస్ట్రాయర్ వచ్చింది, నామకరణం చేసింది వాళ్లమ్మ. అది 1965లో రిటైరైంది. 1997లో అదే పేరుతో ఇంకోటి సర్వీసులోకొచ్చింది. ఈసారి పేరు పెట్టింది ఆ తల్లి మునిమనవరాలు.

గాజువాక కుర్రాడు:
చెప్పాను. "అంటే ఖుక్రీ లాగానేగా. నేను మొదట్నుంచీ చెప్పింది అదే" అన్నారు. ఆయన మొదట్నుంచీ చెప్పింది ఊరి పేరు గురించి అని గుర్తుచేస్తే టీవీ సౌండు పెంచారు.