ఒకే కప్పు, రెండు పొయ్యిలు: జనగణనలో మేము ఎన్ని కుటుంబాలం?

ప్రశ్న: బరంపురం శివారులో మా అన్నదమ్ముల ఇల్లు ఒకటే అయినా, అమ్మ కాలం చేశాక వంటలు వేరుపడ్డాయి, పిల్లలు తాతగారికి ఒడియాలోనే బదులిస్తున్నారు. మమ్మల్ని ఒకే కుటుంబంగా రాస్తారా? పిల్లల మాతృభాష ఏమవుతుంది?

మొదటి జవాబు: ఉమ్మడి వంటగదిలో కలిసి తినేవారినే జనగణన ఒక కుటుంబంగా లెక్కిస్తుంది కాబట్టి, మీవి రెండు కుటుంబాలే.

రెండో జవాబు: మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే గాని, బడి భాష కాదు. 2011లో మా ఇంటికి వచ్చినాయన అడగకుండానే ఒడియా అని రాయబోతే, చింతపండు పిసుకుతున్న మా అత్తగారు ఆపి తెలుగని దిద్దించారు.

అడిగినవారు: కృతజ్ఞతలు. మా మరదలు ఒడియా ఇంటి ఆడపడుచు. ఆమె పిల్లలకు ఒడియాయే సరైనదన్నమాట. నాన్నగారు మాత్రం పగలు మా దగ్గర, రాత్రి తమ్ముడి దగ్గర భోంచేస్తారు. ఆయన్ను ఎక్కడ రాయించాలో ఇంకా తేల్చుకోవాలి.