అంగశుద్ధి (అంగాల కదలికలో తప్పులేనితనం) కుదిరిన తరువాత నర్తకి ఏమి సాధించాలి?

ప్రశ్న: తిరుపతి నుంచి ఒక కూచిపూడి విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను, డిప్లొమా కూడా పూర్తయింది. ఈ మధ్య మహతి కళాక్షేత్రంలో ఒక అన్నమయ్య కీర్తనకు ఆడిన తరువాత ఒక పెద్దావిడ నన్ను దగ్గరకు పిలిచి, "తాళం ఎక్కడా తప్పలేదమ్మా, కానీ నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో నాకు తెలియలేదు" అన్నారు. రెండు వారాలుగా ఆ మాట నన్ను వదలడం లేదు. సాధన గంటలు ఇంకా పెంచాలా, లేక సాధనకు వెలుపల నేర్చుకోవలసినది వేరే ఉందా?

సమాధానం: తిరుచానూరు నుంచి ఒక నాట్య గురువు

అమ్మా, ఆ పెద్దావిడ నీకు మేలు చేశారు. అభినయ దర్పణంలోని "యతో హస్తస్తతో దృష్టిః" శ్లోకం మనమందరం చిన్ననాడే కంఠస్థం చేస్తాము. చేయి ఉన్న చోట చూపు, చూపు ఉన్న చోట మనసు, మనసు ఉన్న చోట భావం, భావం ఉన్న చోట రసం అని దాని అర్థం. తరగతిలో మేము చేతిని సరిదిద్దుతాము, చూపును సరిదిద్దుతాము, ఆ తరువాతి మెట్టు దానంతట అదే వస్తుందని వదిలేస్తాము. ఈ తప్పు గురువులది, నాది కూడా.

నా శిష్యురాలు ఒకరు అన్నమయ్య కీర్తన "పలుకు తేనెల తల్లి" చేసేటప్పుడు నిద్రను చూపడానికి అరచేతిని చెంప కింద పెట్టి, కళ్లు మూసి, చక్కగా చిరునవ్వు నవ్వేది. హస్తంలో దోషం లేదు. ఒకరోజు ఆమెను కూర్చోబెట్టి, ఈ పాట పాడుతున్నది ఎవరని అడిగాను. అలమేలుమంగ అంది. అలమేలుమంగ నిద్రపోతోంది కదా, మరి పాడేది ఎవరు? చాలాసేపు ఆలోచించి, పక్కన నిలబడి చూస్తున్న చెలికత్తె అని తానే చెప్పింది. పగలయ్యే దాకా ఆ తల్లి ఎందుకు పడుకుందో తెలిసి కూడా లేపడానికి మనసొప్పని చెలికత్తె ఆమె. మరునాడు అదే పాటకు నా శిష్యురాలి అడుగుల చప్పుడు సగానికి తగ్గింది. గజ్జెలు గట్టిగా మోగితే తల్లి లేస్తుందని భయపడినట్లు పాదం మోపింది. అలా చేయమని నేను చెప్పలేదు.

అన్నమయ్య కీర్తనలు చెక్కిన తాళ్లపాక వారి రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గాని స్వరం ఉండదు. మనం వింటున్న వరుసలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి, నృత్య రచన అంతకన్నా కొత్తది. అన్నమయ్య చేతి నుంచి నేరుగా మనకు అందినది మాట ఒక్కటే. ఆ మాట అర్థం కాకుండా ఆడితే ఆయన దగ్గరి నుంచి మనం తీసుకున్నది ఏమీ లేదన్నమాట.

సమాధానం: చిత్తూరు నుంచి ఒక నట్టువాంగ కళాకారుడు (తాళం వేస్తూ నర్తకిని నడిపించేవారు)

గురువుగారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. "భావం ముఖ్యం" అనే మాటను అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) కూర్చోలేని వారు ఆసరాగా తీసుకోవడం ప్రతి ఏటా చూస్తున్నాను. వేదాంతం సత్యనారాయణ శర్మగారు పురుషుడై ఉండి సత్యభామగా రంగం మీదికి వస్తే, అది నమ్మడానికి ప్రేక్షకులకు కష్టం కాలేదు. మెడ తిప్పడంలో, జడ పట్టుకోవడంలో, నడుము విరుపులో ఏళ్ల తరబడి శరీరం నేర్చిన చదువు లేకపోతే మనసులోని సత్యభామ మనసులోనే ఉండిపోయేది. పళ్లెం మీద నిలబడి కృష్ణుడి పాటకు ఆడే తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద బరువు సరిగా పడని నర్తకికి పాదం మీద తప్ప కృష్ణుడి మీద ధ్యాస ఎక్కడ నిలుస్తుంది? అంగశుద్ధిని దాటిపోవడం అంటూ ఉండదు. అది ఒంటికి పట్టాక దాని గురించి ఆలోచించే పని తప్పుతుంది, అంతే.

సమాధానం: తిరుపతి నుంచి ఒక ప్రేక్షకుడు

నేను నాట్యం నేర్చినవాడిని కాను. మా ఊరి గంగమ్మ జాతరలో 'తోటి వేషం' కట్టే రోజున ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకుని నడిచే వారిని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. వారిలో ఎవరూ జతులు (తాళానికి కట్టిన అడుగుల వరుసలు) నేర్వలేదు. దీనిని మీరు ఏమంటారు?

సమాధానం: నట్టువాంగ కళాకారుడు

అది మొక్కు, అయ్యా. అమ్మవారు, వేషం కట్టినవారు, చూసేవారు ఒకే నమ్మకంలో ఉంటారు కనుక అక్కడ ఒకరు మరొకరికి ఏదీ నమ్మించవలసిన అవసరం లేదు. మహతిలో కూర్చున్న వారికి ఆ నమ్మకాన్ని నర్తకి తెచ్చి ఇవ్వాలి, అందుకే విద్య కావాలి.

సమాధానం: నాట్య గురువు

ఇక్కడ మీతో ఏకీభవిస్తున్నాను. అయితే తెచ్చి ఇవ్వడానికి ముందు తన దగ్గర ఉండాలి కదా. ఉదయం అడుగుల సాధనలో ఒక్క నిమిషం కూడా తగ్గించమని నేను అనడం లేదు. సాయంత్రం గజ్జెలు విప్పి పాటతో కూర్చోమంటున్నాను.

సమాధానం: ప్రశ్న అడిగిన విద్యార్థిని

మీ జవాబులు చదివాక నేను ఆడిన కీర్తన సాహిత్యాన్ని ముందు పెట్టుకుని, ప్రతి పాదం పక్కన ఎవరు ఎవరితో అంటున్నారో రాశాను. రెండవ చరణం మొత్తం చెలి చెవిలో చెప్పే మాట. నేను ఆ చరణమంతా ప్రేక్షకుల వైపు చూసి నవ్వుతున్నాను! పెద్దావిడ అడిగినది అదేనేమో. ఈ నెలంతా ఆ చరణాన్ని కూర్చునే చేస్తాను. నట్టువాంగం చేసే గురువుగారికి ఒక ప్రశ్న: ఆ చరణానికి ముందు వచ్చే జతి చివర ఊపిరి అందక నా ముఖం బిగుసుకుపోతుంది, చెవిలో చెప్పే మాటకు ఆ ముఖం పనికిరాదు. తీర్మానం (జతి ముగింపు అడుగులు) ముగిసేలోగా ఊపిరి నిలదొక్కుకునేలా ఏ కాలంలో (ఏ వేగంలో) సాధన చేయమంటారు?