జస్టిస్ ఆల్బమ్‌లో బాస్ వినపడట్లా, నా హెడ్‌ఫోన్ పోయిందా?

చీమకుర్తి_రాయి:
అన్నలూ ఒక డౌటు. మాది ఒంగోలు, చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తా. ఫ్రెండు కార్లో మెటాలికా అనే మెటల్ బ్యాండు బ్లాక్ ఆల్బమ్ విని పిచ్చెక్కి, జీతం పడంగానే కర్నూలు రోడ్డులో మూడు వేలు పెట్టి హెడ్‌ఫోన్ కొన్నా. బ్లాక్ ఆల్బమ్ దాంట్లో అదిరిపోయింది. సరే అని దానికి ముందొచ్చిన జస్టిస్ ఫర్ ఆల్ పెడితే, డ్రమ్ము టకటకమని కొట్టడం, పైన గిటారు గీకుడు, అంతే, కింద ఏం లేదు, ఖాళీ. షాపుకి తీసుకెళ్లి బాస్ రావట్లేదు మార్చమన్నా. వాడు ఏదో మాస్ పాట పెట్టి నా చెవికి తగిలించాడు, పుర్రె అదిరింది. అక్కడున్నోళ్లంతా నన్నే చూస్తున్నారు. మరి తప్పెక్కడ? అట్నే ఇక ముందు ఏం వినాలో కూడా చెప్పండి. లింకిన్ పార్క్ వాళ్ల హైబ్రిడ్ థియరీ కాలేజీలోనే అరగదీశా. హార్డ్‌కోర్ అని ఆ అరుపుల స్పీడు పంక్ ఒకటి రెండు పెట్టి చూశా గానీ పొద్దస్తమానం కట్టింగ్ మిషన్ మోత వినేవాడికి ఇంటికొచ్చి మళ్లా అదే మోత ఎందుకబ్బా అనిపించింది.

పెన్నాకట్ట:
హెడ్‌ఫోన్‌కి ఏం కాలేదబ్బయ్యా, ఆ రికార్డే అంత. 1986లో స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తా పడి వాళ్ల బాస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చచ్చిపోయినాడు గదా, ఆయన ప్లేసులోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చినాడు. వచ్చినాక వాయించిన మొదటి ఫుల్ ఆల్బమే ఇది, 1988. బాస్ వాయించినాడు, రికార్డు కూడా అయింది, మిక్సింగ్‌లో, అంటే సౌండ్లన్నీ కలిపేటప్పుడు, తొక్కేసినారు. మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పినాడు, డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్చే తగ్గించమన్నాడని. అదీగాక న్యూస్టెడ్ చాలాచోట్ల రిథమ్ గిటారు ఎట్టా పోతే అట్టానే దాని ఎనకాలే పోతాడు, ఆ గిటారుకేమో కింద సౌండు జాస్తి, ఇంక ఈయన ఏడ వినపడేది. 2018లో రీమాస్టర్ వచ్చింది, అంటే అదే రికార్డుకి సౌండు మెరుగుపెట్టి మళ్లా వేసినారు, దాంట్లో కూడా బాస్ పైకి తేలేదు. నాకు మాత్రం ఆ ఎండిపోయిన సౌండే ఇష్టం, కోపంగా ఉండే పాటలకి అదే సరిపోయింది అనిపిస్తాది. 2011 అక్టోబర్‌లో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తే నెల్లూరు నించి మేం నలుగురం పోయినాం, ఆడ బాస్ చెవుల్లోకి కాదు, పొట్టలోకి కొట్టింది. ఆ దెబ్బతో రెండ్రోజులు ఆఫీసుకి పోలా.

కావలి_కటకటా:
పెన్నా అన్నా, మీరు పెద్దోళ్లు గానీ ఇది ఒప్పుకోను. చేపల పులుసులో చింతపండు మర్చిపోయి, మా ఇంట్లో ఇట్టానే చేస్తాం అన్నట్టుంది మీ మాట. అంత మంచి రిఫ్‌లు, అంత మంచి పాటలు, కింద బాస్ లేకుండా వదిలిపెట్టడం తప్పే, దానికి స్టైల్ అని పేరు పెట్టబాకండి. తర్వాత 1991లో బాబ్ రాక్‌ని ప్రొడ్యూసర్‌గా పెట్టుకుని బ్లాక్ ఆల్బమ్ చేసినప్పుడు బాస్ మళ్లా వచ్చింది చూడండి, దానికే మెటాలికావోళ్లు డబ్బుకి అమ్ముడుపోయారన్నారు జనం, ఎవరికి చెప్పుకోవాల.

రాయి బ్రో, నువ్వు ముందు వెనక్కి పో, బ్లాక్ సాబత్ దగ్గరికి. నీకైతే వాళ్ల కథ ఇంకా బాగా తగులుద్ది. టోనీ అయోమీ గిటారిస్టు, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని, పదిహేడేళ్లు, ఆ రోజే ఆఖరి రోజు, మిషన్ కింద కుడిచెయ్యి పడి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే తంతులు నొక్కేది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, తోలు అంటించుకున్నాడు, సన్నటి తంతులు వేసుకున్నాడు. 1971లో మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బమ్‌కి కొన్ని పాటల్లో శ్రుతే కిందకి దించేశాడు, తంతి వదులైతే నొక్కడం తేలిక గదా. ఆ వదులు తంతి బరువునే ఇప్పటికీ సగం బ్యాండ్లు కాపీ కొడతన్నాయి. మిషన్ల మధ్య తిరిగేవాడివి, నీకు నేను వేరే చెప్పాలా.

అద్దంకి_బస్టాండ్:
హార్డ్‌కోర్‌ని కట్టింగ్ మిషన్ అన్నావు చూడు, నేను ఊరుకుంటానా. తమ్ముడూ నువ్వు పెట్టింది ఏంటో తెలీదు గానీ మొదలుపెట్టే చోటు తప్పు అయ్యుంటది. 1982లో బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బమ్ విను. వాషింగ్టన్‌లో నల్లజాతి కుర్రాళ్లు, అంతకుముందు జాజ్ ఫ్యూజన్ వాయించినోళ్లు, అందుకే ఆ స్పీడులో కూడా ఒక్క దెబ్బ అటూ ఇటూ పోదు, మధ్యలో ఉన్నట్టుండి నిదానంగా ఊగే జమైకా రెగే వచ్చిద్ది, ఊపిరి తీసుకోవడానికి. అదే ఊళ్లో మైనర్ థ్రెట్ అని ఇంకో బ్యాండు, వాళ్ల పాట ఒకటి నిమిషం కూడా ఉండదు, తాగం, మత్తు జోలికి పోం అని, ఆ పాట పేరుతోనే స్ట్రెయిట్ ఎడ్జ్ అని పెద్ద గుంపే తయారైంది. మా అమ్మకి ఆ పాట అర్థం చెప్తే, అరిస్తే అరిచాడు గానీ మంచి పిల్లోడే అంది.

అవి ఎక్కాక కన్వర్జ్ వాళ్ల జేన్ డో, 2001. మొదటిసారి నాకూ నీలాగే అయింది, తీసేశా. తర్వాత ఒకరాత్రి సాహిత్యం ముందు పెట్టుకుని విన్నా. విడిపోయిన మనిషి గొంతది, మాటలు అర్థం కాకపోవడం కూడా దాంట్లో భాగమే, ఏడ్చేవాడు మాటలు విడమరిచి చెప్తాడా. ఆఖరి పాట పదకొండు నిమిషాలు పైనే, అప్పటిదాకా పరిగెత్తిన ఆల్బమ్ అక్కడ ఈడ్చుకుంటా నడుస్తది. నేనైతే దాన్ని మధ్యలో ఆపలేను. బస్సు స్టాపు వచ్చినా దిగలేదు ఒకసారి.

పెన్నాకట్ట:
అమ్మాయి చెప్పింది కరెక్టే. స్పీడు మాట వచ్చింది గాబట్టి స్లేయర్ రెయిన్ ఇన్ బ్లడ్ కూడా రాసుకో, పది పాటలు, 29 నిమిషాలు. ఒంగోల్లో బస్సెక్కి పెడితే చీమకుర్తి రాకముందే అయిపోతాది. క్యాసెట్లో రెండుపక్కలా ఆల్బమ్ మొత్తం వేసినారు, అంత చిన్నది. ఇంగ నిదానంగా కావాలంటే ఆలిస్ ఇన్ చెయిన్స్ డర్ట్, 1992. లేన్ స్టేలీ, జెర్రీ కాంట్రెల్ ఇద్దరి గొంతులు కలిసి పోయేటప్పుడు ఏది ఎవరిదో తెలీదు, భజనలో ఇద్దరు అన్నదమ్ములు పాడినట్టుంటాది, పాడేదేమో మత్తులో కుళ్లిపోవడం గురించి. స్టేలీ 2002లో పోయినాడు, ముప్పై నాలుగేళ్లే. ఆ ఆల్బమ్ రాత్రిపూట ఒక్కడివే వినబాక, చెప్తా ఉండా.

కావలి_కటకటా:
తాళం పిచ్చి ఉంటే టూల్ లాటరాలస్, 2001. ఆ పేరుతో ఉన్న పాటలో తొమ్మిది, ఎనిమిది, ఏడు లెక్కన తాళం తిరుగుతా ఉంటది, మా పక్కింటి మృదంగం మాస్టారికి వినిపిస్తే తొడమీద వేలు వేసుకుని చూసి, ఏడు దగ్గర మిశ్రచాపే గదరా, మిగతాది మీవోళ్ల తిక్క అన్నాడు. తొమ్మిది నిమిషాలు పైన పాట, కూర్చుని వినాల, ఫోన్ పక్కన పెట్టి.

చీమకుర్తి_రాయి:
అందరికీ థ్యాంక్స్ అన్నా, అక్కా. నిన్న బస్సులో స్లేయర్ పెట్టా, నిజంగానే రెండు స్టాపుల ముందే అయిపోయింది, మళ్లా మొదటినించి పెట్టా. బ్యాడ్ బ్రెయిన్స్ పర్లేదు, రెగే వచ్చేటప్పుడు నవ్వొచ్చింది. జేన్ డో ఇంకా ఎక్కలా, రెండు పాటలకే తీసేశా, ఆదివారం సాహిత్యం పెట్టుకుని చూస్తా. అయోమీ సంగతి మాత్రం మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కట్టింగ్ చేసే పెద్దాయనకి చెప్పా. ఆయనకి ఎడమచెయ్యి బొటనవేలు సగమే ఉంటది. మొత్తం విని, ఆ ప్లాస్టిక్ సీసా ఏ సీసారా అని అడిగాడు. గిన్నెలు తోమే సబ్బు సీసా అంట అని చెప్పా. ఏదీ ఓసారి పెట్టు చూద్దాం అన్నాడు, నా హెడ్‌ఫోన్ ఆయన తలకి పట్టలా, ఫోన్ స్పీకర్లోనే వినిపించా.