గార్డ్ పాస్ అవుతోంది, 3 సెకన్లు మాత్రం ఆగడం లేదు

బ్రెజిలియన్ జియు-జిట్సు, గీ (మందపాటి కోటు, ప్యాంటు) వేసుకుని ఆడతాను, వైట్ బెల్ట్ (మొదటి స్థాయి), 8 నెలలైంది. బరువు 68 కిలోలు. ఐబీజేజేఎఫ్ (ఈ ఆట పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య) రూల్స్‌లో గార్డ్ పాస్‌కి, అంటే కింద ఉన్నవాడి కాళ్ల అడ్డు దాటడానికి, 3 పాయింట్లు, కానీ దాటాక 3 సెకన్లు పట్టు నిలపాలి కదా. నేను కుడివైపు నీ కట్‌తో (మోకాలిని అతని తొడల మధ్య నుంచి అడ్డంగా జార్చి) దాటి సైడ్ కంట్రోల్‌కి (పక్కనుంచి ఛాతీతో అదిమి పట్టే స్థితికి) వస్తాను. రెండో సెకనుకల్లా అవతలివాడు తుంటి పక్కకి జరిపి మోకాలు లోపలికి దూర్చేస్తాడు, మళ్లీ హాఫ్ గార్డే (నా ఒక కాలు అతని కాళ్ల మధ్య ఇరుక్కుంటుంది). రిఫరీ పాయింట్లు ఇవ్వకుండా అడ్వాంటేజ్‌తో (పాయింటు కన్నా తక్కువది) సరిపెడతాడు. ఆ మూడో సెకను ఎంత పొడవో!

క్రాస్‌ఫేస్ (తల కింద చెయ్యి వేసి భుజంతో ముఖాన్ని పక్కకి నొక్కడం) గట్టిగా పెట్టి చూశాను, తల కదలదు గానీ నడుము జారిపోతుంది. తుంటి దగ్గర చెయ్యి అడ్డం పెడితే క్రాస్‌ఫేస్ వదులవుతోంది. నాకన్నా తేలికైనవాళ్లతోనూ ఇంతే. ఎడమవైపు దాటితే మాత్రం ఈ గొడవ లేదు.

కాళ్లు దాటిన వెంటనే ముందుగా కట్టడి చేయాల్సింది తలనా, తుంటినా?